హిఫాజత్ ఎవరికి? గోరోంగోరో లోయ తారీఖ్

'సఫారీ' అనగానే మనకు తల మీద టోపీ, మెడలో దూర్బీన్, పైకప్పు తెరిచిన జీపు గుర్తొస్తాయి. ఏదో తెల్లదొరల మాట అనుకుంటాం. కాదు, అది మన 'సఫర్'కు సొంత చెల్లెలు. అరబీ సఫర్ సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా తీరానికి పోయి స్వాహిలీలో సఫారీ అయింది. ఇటు దక్కన్‌కు వచ్చి మన ఇళ్లల్లో సఫర్‌గానే ఉండిపోయింది. స్వాహిలీ మాట్లాడేవాళ్లకు సఫారీ అంటే ఉత్త ప్రయాణమే. బస్సెక్కి చుట్టాల పెళ్లికి పోయినా సఫారీయే. జంతువుల షికారుకు పోవడం అనే అర్థం తర్వాతి రోజుల్లో అంగ్రేజులు తగిలించింది.

ఆ తీరానికి అరబ్బులు, ఇరానీలు, గుజరాతీలు వందల ఏళ్లుగా తిజారత్ కోసం పోతూ వస్తూ ఉన్నారు. ఇబ్న్ బతూతా 1331లో అక్కడి కిల్వా పట్నం చూసి, దాని సంగతి తన సఫర్‌నామాలో చెప్పాడు. అందుకే టాంజానియా బజారులో నిలబడితే చెవికి తెలిసిన మాటలే తగులుతాయి. ఖబర్ అక్కడ 'హబారీ', వఖ్త్ 'వకాతీ', కితాబ్ 'కితాబూ', ఖతర్ 'హతారీ', రఫీఖ్ 'రఫీకీ'. జిల్లాను 'విలాయా' అంటారు. మన నానీలేమో లండన్ పోయినవాణ్ని విలాయత్ పోయాడనేవాళ్లు. ఒకటే మాట, ఒకచోట పరాయి దేశం, ఇంకోచోట పక్క జిల్లా!

ఈ వ్యాసానికి కావలసిన మాటలు ఇంకో నాలుగున్నాయి. 'సెరికాలీ' అంటే సర్కార్. 'అహాదీ' అంటే అహద్, ఇచ్చిన మాట. 'హాకీ' అంటే హఖ్. 'హిఫాధీ' అంటే హిఫాజత్. టాంజానియాలో అభయారణ్యాన్ని హిఫాధీ అనే అంటారు. అక్కడి గోరోంగోరో అనే లోయను చూడటానికి ప్రపంచమంతా పోతుంది. దాన్ని నడిపే సంస్థ పేరు స్వాహిలీలో 'మమ్లాకా యా హిఫాధీ యా న్గోరోంగోరో'. (అసలు పేరు ముందు 'న్' ఉంది. మన నోటికి సులువుగా గోరోంగోరో అనుకుందాం.) ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి చదివిన పిల్లవాడు కూడా ఈ బోర్డు చదివి, ఇదేదో హిఫాజత్ చేసే మమ్లకత్ అని చెప్పేస్తాడు. ఎవరిని ఎవరి నుంచి హిఫాజత్ చేస్తున్నారన్నది మాత్రం బోర్డు మీద ఉండదు. దానికి తారీఖ్ తిరగేయాలి. తారీఖ్ అంటే క్యాలెండర్‌లో అంకె మాత్రమే కాదు, చరిత్ర కూడా కదా.

కూలిన పహాడ్

అరూషా నగరం నుంచి పడమటి వైపు మూడు నాలుగు గంటలు పోతే లోడువారే గేటు వస్తుంది. అక్కడి నుంచి దట్టమైన అడవిలో, తరచుగా పొగమంచులో, పైకెక్కాలి. సముద్ర మట్టానికి దాదాపు 2,300 మీటర్ల ఎత్తున లోయ అంచు ఉంటుంది. అక్కడ ఆగి కిందికి చూస్తే 600 మీటర్ల లోతున, చుట్టూ గోడ కట్టిన ఖిలాలాగా ఒక మైదానం. విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు.

20 నుంచి 30 లక్షల ఏళ్ల కింద ఇక్కడ ఒక పెద్ద జ్వాలాముఖి పహాడ్ ఉండేది. కడుపులోని లావా బయటికి పోయాక కింద ఖాళీ ఏర్పడింది. దూలాలు విరిగిన ఇంటి కప్పులాగా శిఖరం లోపలికి కూలింది. ఇలా ఏర్పడిన గుంటను కాల్డెరా అంటారు. అంచు గోడ చెదరకుండా, నీళ్లు నిండి సరస్సు అయిపోకుండా మిగిలిన కాల్డెరాల్లో దునియా మొత్తం మీద ఇదే పెద్దది.

గుంటలో ఏడాది పొడుగునా నీళ్లుంటాయి, గడ్డి ఉంటుంది. అందుకే విల్డెబీస్ట్‌లు, జీబ్రాలు, అడవి దున్నలు, గజెల్ జింకలు, ఏనుగులు, సింహాలు, హైనాలు, నల్ల ఖడ్గమృగాలు, అన్నీ కలిపి 25,000 దాకా పెద్ద జాన్వర్లు ఒకే చోట కనిపిస్తాయి. నడుమ సోడా సరస్సు, దాని ఒడ్డున గులాబీ రంగు ఫ్లెమింగోలు. ఒక మూల పసుపు బెరడు తుమ్మచెట్ల అడవి, పేరు లెరాయి. జిరాఫీలు మాత్రం కింద ఉండవు. ఆ నిట్టనిలువు గోడ దిగడం వాటి పొడుగు కాళ్లకు కష్టమంటారు.

సింహాలకైతే షజ్రా కూడా ఉంది. 1962లో వానలు విపరీతంగా పడి, కుట్టే ఈగలు లెక్కలేనన్ని పుట్టాయి. వాటి బాధకు సింహాలు చిక్కి చచ్చిపోయాయి. చివరికి పది పదిహేను మిగిలాయి. ఇవాళ లోయలో తిరిగే సింహాలు చాలావరకు ఆ కొద్దిపాటి ఖాందాన్ నుంచి వచ్చినవే. ఏ సింహం ఎవరి ఔలాదో రాసి పెట్టుకున్న శాస్త్రవేత్తలున్నారు. మరి అక్కడి మనుషుల షజ్రా?

ఇది ఖాళీ జమీన్ కాదు

ఫొటోల్లో ఈ లోయ ఇన్సాన్ అడుగు పడని జన్నత్‌లా కనిపిస్తుంది. నిజానికి ఇన్సాన్ అడుగుజాడలు ఇంత పాతవి దొరికిన ఇలాకా ఇంకొకటి చెప్పడం కష్టం. ఇదే హిఫాధీ హద్దుల్లో లేటోలీ అనే చోట, అగ్నిపర్వతం బూడిద మీద రెండు కాళ్లతో నడిచిన జాడలు గట్టిపడి మిగిలాయి. వాటి వయసు సుమారు 36 లక్షల ఏళ్లు. మేరీ లీకీ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం 1978లో వాటిని వెలికితీసింది. పక్కనే ఓల్డువాయి లోయ. అక్కడ 1959లో మేరీ లీకీకే 17 లక్షల ఏళ్లు దాటిన పుర్రె ఒకటి దొరికింది. దానికి ఆ రోజుల్లో పెట్టిన పేరు 'జింజాంత్రోపస్'. అందులోని 'జింజ్' అరబీ ముసాఫిర్లు తూర్పు ఆఫ్రికాను పిలిచిన 'జంజ్' అనే మాటే.

గోరోంగోరో లోయలోపల రాళ్లు పేర్చిన పాత ఖబర్లు కూడా దొరికాయి. పశువుల కాపరులు ఈ ప్రాంతంలో 2,000 ఏళ్లకు పైగా బతుకుతున్నారు. తర్వాతి కాలంలో దతోగా అనే పశువుల కాపరుల ఖౌమ్ ఇక్కడ ఉండేది. 19వ శతాబ్దంలో మసాయీలు వచ్చి లడాయి చేసి వాళ్లను దక్షిణానికి నెట్టారు. మసాయీలు ఫరిష్తాలేమీ కాదు. వాళ్లు కూడా ఒకరిని కదిలించే ఇక్కడ నిలబడ్డారు. ఈ ముక్క దాచిపెట్టి వాళ్ల హఖ్ గురించి మాట్లాడనక్కర్లేదు. గోరోంగోరో అనే పేరే ఆవు మెడలోని గంట చప్పుడు నుంచి వచ్చిందని మసాయీలు చెప్పుకుంటారు. పేరులోనే పశువు ఉంది, పశువు వెనక కాపరి ఉన్నాడు.

ఈ కాపరికీ అడవి జంతువుకూ పొత్తు ఎట్లా కుదిరింది? మసాయీల ఆహారం పశువుల పాలు, మాంసం. అడవి జంతువుల మాంసం తినడం వాళ్లకు మామూలుగా అయిబ్. విల్డెబీస్ట్‌లు మైదానంలో ఈనే కాలంలో వాటి దూడల నుంచి ఒక ప్రాణాంతక జ్వరం ఆవులకు అంటుకుంటుంది. అందుకని ఆ రెండు మూడు నెలలు మసాయీలు పచ్చని మైదానం వదిలేసి మందను ఎత్తు ప్రాంతాలకు తోలుకుపోతారు. ఎండు గడ్డిని కాలం చూసి కాలుస్తారు. కొత్త గడ్డి మొలుస్తుంది, గోమార్లు చస్తాయి. ఆ లేత గడ్డిని ఆవులూ తింటాయి, జింకలూ తింటాయి. లోయలోని ఉప్పు నేల పశువులకు దవా లాంటిది. ఇదంతా ఏ కాగితం మీదా లేని ఒక బందోబస్త్.

వబా, ఆ తర్వాత ఇజారా

1880ల చివర్లో ఎరిట్రియా వైపు నుంచి రిండర్‌పెస్ట్ అనే పశువుల వబా ఆఫ్రికాలోకి దిగింది. ఇటలీ ఫౌజు కోసం బయటి నుంచి తెచ్చిన పశువులతో అది వచ్చిందని చరిత్రకారులు ఎక్కువమంది చెబుతారు. కొన్నేళ్లలోనే మసాయీ మందల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. వెనకే మసూచి, దాని వెనక కహత్. ఆ కాలాన్ని మసాయీలు 'ఎముతాయి' అంటారు, సర్వనాశనం అని అర్థం.

సరిగ్గా ఆ రోజుల్లో, 1892లో, ఆస్కార్ బౌమన్ అనే ఆస్ట్రియా దేశస్తుడు గోరోంగోరో లోయలోకి దిగాడు. యూరప్ నుంచి వచ్చి దాన్ని చూసి రాసిన మొదటివాడు ఆయనే. ఆయన రాతల్లో జంతువుల గుంపులతో పాటు, ఆకలితో ఎముకల గూళ్లయిన మసాయీ ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. అంటే యూరప్ కంటికి ఈ జమీన్ మొదటిసారి కనబడినప్పుడే అక్కడి మనుషులు సగం చచ్చి ఉన్నారు. ఖాళీగా కనిపించిన నేల వెనక ఇంత మౌత్ ఉంది.

ఖాళీగా కనిపించిన నేలకు వెంటనే ఇజారాదారులు వచ్చారు. జర్మన్ హుకూమత్ లోయలోని భూమిని జీడెన్‌టోప్ఫ్ అనే ఇద్దరు అన్నదమ్ములకు లీజుకిచ్చింది. వాళ్లు ఇళ్లు కట్టుకుని, మొదటి ప్రపంచ యుద్ధం దాకా పశువుల ఫారం నడిపారు. దోస్తులను పిలిచి షికారు దావత్‌లు చేశారు. విల్డెబీస్ట్ మందలను గోడ అవతలికి తరిమేయాలని కూడా చూశారు. అవి పోలేదు. యుద్ధం వచ్చాక పోవాల్సి వచ్చింది దొరలకే. వాళ్ల ఇంటి గోడల ఆనవాళ్లు ఇంకా అక్కడున్నాయి.

1959: ఒక అహద్

జర్మన్లు ఓడిపోయాక టాంగన్యీకా అంగ్రేజుల చేతికి వచ్చింది. 1951లో వాళ్లు సెరెంగెటీ నేషనల్ పార్క్ ఏర్పాటు చేశారు. గోరోంగోరో కూడా అందులోనే. నేషనల్ పార్క్ అంటే మనుషులు ఉండరాదని ఒక వాదన. మేమెక్కడికి పోతామని మసాయీల జవాబు. గొడవ ముదిరింది.

చివరికి 1958లో మసాయీ బుజుర్గులతో ముఆయిదా కుదిరింది. వాళ్లు సెరెంగెటీ మైదానం ఖాళీ చేయాలి. బదులుగా గోరోంగోరో ఇలాకాను పార్కు నుంచి విడదీసి, మనుషులూ పశువులూ జంతువులూ కలిసి ఉండే ప్రాంతంగా ఉంచుతారు. 1959లో అందుకు చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ ప్రాంతం విస్తీర్ణం సుమారు 8,292 చదరపు కిలోమీటర్లు. లోయ అందులో ఒక చిన్న ముక్క మాత్రమే. అదే ఏడాది గవర్నర్ రిచర్డ్ టర్న్‌బుల్ మసాయీ పెద్దల సభలో మాట్లాడాడు. జంతువులను కాపాడతాం గానీ, జంతువుల మేలుకూ ఇక్కడి మనుషుల మేలుకూ ఎప్పుడైనా పోటీ వస్తే మనుషుల మేలే ముందు అని ఆ మాటల సారాంశం. మసాయీలు ఇవాళ్టికీ పట్టుకుని ఉన్న అహాదీ ఇదే.

1959లోనే ఇంకో సంగతి జరిగింది. జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కొడుకు మైకేల్ చిన్న విమానంలో తిరుగుతూ సెరెంగెటీ మీద డాక్యుమెంటరీ ఫిల్మ్ తీశారు. ఆ పని నడుస్తుండగా జనవరిలో ఒక రాబందు తగిలి విమానం కూలి మైకేల్ చనిపోయాడు. అతని ఖబర్ గోరోంగోరో అంచు మీదే ఉంది. ఆ ఫిల్మ్‌కు తర్వాత ఆస్కార్ వచ్చింది. కన్నకొడుకును పోగొట్టుకున్న తండ్రి మొహబ్బత్‌ను ఎవరూ శంకించరు. కానీ ఆయన నమ్మిక ఒకటుంది. నేషనల్ పార్కులో తెల్లవాళ్లే కాదు, స్థానికులు కూడా ఉండకూడదని. సినిమా చూసి యూరప్, అమెరికా జనం ఆఫ్రికా అంటే మనుషులు లేని పచ్చిక అనుకున్నారు. చందాలు ఇచ్చారు, టూరిస్టులై వచ్చారు. బుజుర్గులకు ఇచ్చిన మాట ఒక సభలో విన్నవాళ్లకే తెలుసు. సినిమా మాత్రం దునియా అంతా చూసింది.

సర్కార్ మారింది, మాట కూడా

1961లో టాంగన్యీకాకు ఆజాదీ వచ్చింది. 1964లో జాంజిబార్‌తో కలిసి టాంజానియా అయింది. తెల్లదొరలు పోయారు, సొంతవాళ్ల సెరికాలీ వచ్చింది. 1974లో ఆ సెరికాలీయే బలగాలను దించి లోయలోపల కాపురమున్న మసాయీలను జబర్దస్తీగా బయటికి పంపింది. మరుసటి ఏడాది మొత్తం ఇలాకాలో వ్యవసాయం నిషేధించింది. 1992లో చిన్నపాటి సేద్యానికి ఇజాజత్ ఇచ్చి, తర్వాత మళ్లీ తీసేసుకుంది. పాలు తాగి బతికే ఖౌమ్‌కు సేద్యం ఎందుకని అడగొచ్చు. మందలు తగ్గిపోయాక పాలు చాలవు. మక్కజొన్న పిండి కొనాలి, లేదా పండించుకోవాలి. 2016 చివర్లో లోయలోకి పశువులను నీళ్లకూ ఉప్పుకూ దించడం కూడా ఆపేశారు.

మనుషులను పంపాక జంతువులకు మంచి జరిగిందా? లెక్కలు చూద్దాం. 1960ల నడుమ లోయలో 100కు పైగా నల్ల ఖడ్గమృగాలు ఉండేవి. 1990ల నాటికి పది పదిహేను మిగిలాయి. మిగతావన్నీ కొమ్ము కోసం దొంగ షికారీల చేతిలో పోయాయి. ఆ కొమ్ములు తూర్పు ఆసియాలో మందులకు పోయాయి, యెమెన్‌లో జంబియా బాకుల పిడులకూ పోయాయి. కాపలా గట్టిగా పెంచాకే వాటి సంఖ్య మళ్లీ పెరిగింది. ఇక లోయలో గడ్డి కాల్చే కాపరులు లేక గడ్డి ముదిరి మోటుగా పెరిగింది. ముదురు గడ్డి తినగల అడవి దున్నలు పెరిగాయి, లేత గడ్డి కావలసిన విల్డెబీస్ట్‌లు, గజెల్‌లు తగ్గాయి. గోమార్ల బెడద పెరిగి జంతువులు చచ్చాయి. చివరికి 2001లో అధికారులే గడ్డి కాల్చడం మళ్లీ మొదలుపెట్టారు. కాపరి చేసే పనిని కాపరి లేకుండా చేయాల్సి వచ్చింది.

సర్కార్ వాదన కూడా వినాలి, ఇన్సాఫ్ అంటే అది. 1959లో ఈ ఇలాకాలో ఉన్నది సుమారు 8,000 మంది. ఇప్పుడు లక్ష దాకా ఉన్నారు. జమీన్ పెరగలేదు. ఇళ్లు పెరిగాయి, పశువులు పెరిగాయి, జంతువులు నడిచే దారులు ఇరుకయ్యాయి. గోరోంగోరో 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. టూరిస్టుల డాలర్లు దేశానికి పెద్ద ఆమ్‌దనీ. ఇందులో అబద్ధం లేదు. కానీ సెరెంగెటీ నుంచి మనుషులను ఇక్కడికి పంపిందెవరు? అంచు మీద లాడ్జీలు కట్టుకోవడానికి ఇజాజత్ ఇచ్చిందెవరు? ఇరుకు అయిందని లెక్క తీసేటప్పుడు ఆవు ఒక్కటే కనిపించి, జీపుల వరస కనిపించకపోతే అది సగం లెక్కే.

2022 నుంచి సర్కార్ మసాయీ కుటుంబాలను సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, హండేనీ విలాయాలోని మ్సోమెరా అనే ఊరికి పంపుతోంది. ఇల్లు, పొలం ఇస్తున్నాం, ఇష్టమున్నవాళ్లే పోతున్నారని అంటోంది. దవాఖానాలకు, బడులకు డబ్బు ఆపేస్తే ఇష్టం ఎక్కడిది, అది మజ్బూరీ కదా అని మసాయీలు, మానవ హక్కుల సంస్థలు అంటున్నారు. 2024 ఆగస్టులో వేలమంది మసాయీలు తమ ఎర్ర దుప్పట్లు కప్పుకుని టూరిస్టు జీపులు పోయే రోడ్డు మీదికి వచ్చారు. దునియా చూసే రోడ్డు అదొక్కటే కాబట్టి, తాము ఉన్నామని చెప్పడానికి దాన్నే ఎంచుకున్నారు.

మన దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచుల గూడేలు ఉన్నాయి. పులి కోసం ఊరు కదలాలన్న మాట నల్లమలకూ తెలియనిది కాదు. అందుకే ఈ దూరపు కథ మనకు అర్థం కావడానికి ఎక్కువ తర్జుమా అక్కర్లేదు. కాగితం లేని నేల మీద తరాలుగా బతికినవాళ్లను కాగితం ఉన్నవాళ్లు ఎట్లా బేదఖల్ చేస్తారో, బయటి నుంచి వచ్చిన కష్టం తర్వాత మిగిలిన ఖాళీని ఎట్లా ఖుద్రత్ అని పిలుస్తారో ఇందులో మొత్తం ఉంది.

సఫారీకి పోవద్దని చెప్పడం లేదు. దుబాయిలో, మస్కట్‌లో పనిచేస్తున్న మన పిల్లలకు టాంజానియా మరీ దూరమేమీ కాదు. పోండి, పిల్లలను తీసుకుపొండి. ఆ లోయ అంచు మీద నిలబడి ఖుదా ఖుద్రత్ చూడటం నసీబ్‌లో ఉండాలి. కాకపోతే గైడ్ సింహాల షజ్రా చెప్పడం అయ్యాక ఒక సవాల్ వేయండి: 'లెరాయి అడవి పక్కన ఆవులు కాసినవాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?' చాలా మంది గైడ్‌లకు జవాబు తెలుసు. కొందరికి వాళ్లు చుట్టాలే. అడిగేవాళ్లు తక్కువ.

స్వాహిలీలో మెహమాన్‌ను 'కరీబూ' అని పిలుస్తారు. అది మన 'ఖరీబ్', దగ్గరికి రండి అని. లోడువారే గేటు దగ్గర మీకూ ఆ మాట వినబడుతుంది. లోపలికి పోతున్నప్పుడు, మనల్ని దగ్గరికి పిలవడానికి ఎవరిని దూరం పంపుతున్నారో పిల్లలకు కూడా చెప్పండి.